సంచి మీద అక్క మొహం

పిండి ఫ్యాక్టరీ హాస్టల్, మేడమీది గది,
ఆదివారం

అక్కా,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటే అని విసుక్కుంటావని తెలుసు. ఫోన్‌లో నేను నోరు తెరవగానే "సరే సరే, తిన్నావా, పడుకున్నావా" అని అడ్డొస్తావు. ఉత్తరంలో నన్ను ఆపలేవు. ఆపాలంటే చింపాలి. చింపేముందు ఎలాగూ చదువుతావు.

నా ఉద్యోగం ఎలా ఉందని అమ్మనడిగావట. విను. ఇక్కడ రొట్టె చెయ్యరు, రొట్టెలాంటిది చేస్తారు. ఒక గొట్టంలోంచి పిండిముద్ద జారిపడుతుంది. రెండో గొట్టంలోంచి పసుప్పచ్చని జిగురు. అది చీజట. దాన్ని చూస్తే పాలిచ్చే జంతువేదైనా సిగ్గుతో తలదించుకుంటుంది. మూడో గొట్టంలోంచి ఎండాకుల పొడి. దాన్ని 'హెర్బ్స్' అంటారు, ఆకులంటే నామోషీ కాబోలు. ముద్ద మంచుగదిలోకి పోయి రాయై వస్తుంది. ఆ రాళ్ళని పెట్టెల్లో సర్దడం నా పని. పెట్టెలు లారీ ఎక్కుతాయి. షాపులవాళ్ళు ఆ రాళ్ళని వెచ్చజేసి, గంపలో గుడ్డ పరిచి పేర్చి, "ఇప్పుడే కాల్చామండీ, ఇంటి రొట్టె" అంటారు. కొనేవాళ్ళు కళ్ళు మూసుకుని వాసన పీల్చి, "అబ్బ, ఎంతైనా ఇంటిదే వేరు" అంటారు. మనుషులు ఇంత తేలిగ్గా మోసపోతుంటే మోసం చేసేవాడికి తెలివితేటలు కూడా అక్కర్లేదు.

మా సూపర్‌వైజర్ మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది. మేం ఆయన్ని ఈల అనే అంటాం. "ఈ రొట్టె మీరు తింటారా?" అని అడిగా. "నాకు పడదు, గ్యాస్ వస్తుంది" అన్నాడు.

గేటు బయట ఒక పెద్దాయన కరపత్రాలు పంచుతాడు. అందరూ తీసుకుని చేతులు తుడుచుకుంటారు. నేను చదువుతా. మొన్నటి దాంట్లో ఉంది: చేసినవాడి చెయ్యి కనిపించని వస్తువు ఏదైనా సరే, సగం అబద్ధమేనని. అది చదివినప్పుడు నువ్వే గుర్తొచ్చావు. పెద్దవీధి రొట్టెల షాపులో నీ చీజ్ రొట్టె కోసమే నిన్ను పెట్టుకున్నారట కదా! అమ్మ చెప్తుంటే గర్వంతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నా. ఈ రాళ్ళ ప్రపంచంలో నా అక్క ఒక్కతైనా నిజమైన రొట్టె కాలుస్తోంది. వివరంగా రాయి.

నీ చెల్లెలు

*

ఇల్లు, వంటగది బల్ల,
గురువారం

చెల్లీ,

చింపలేదు. అమ్మకి కూడా చదివి వినిపించా, నీ తిట్లు వదిలేసి. మిగిలింది 'అక్కా' అన్న పిలుపూ, చివర 'నీ చెల్లెలు'. "ఇంతేనా రాసింది, ఇంత మందంగా ఉందే కవరు?" అంది అమ్మ.

షాపు బాగుంది. వీధివైపు గోడంతా గాజు. గాజు వెనక నాకో చెక్కబల్ల, ఎత్తు స్టూలు. పక్కన కుండీల్లో పుదీనా, వాము, సోయకూర. తెల్ల ఏప్రాన్, తలకి గళ్ళగుడ్డ, రెండూ ఓనరే తెచ్చాడు. నా పాత గుడ్డే కట్టుకుంటానంటే, "మీది నిజంగా వాడినట్టుందమ్మా, చూడ్డానికి బాగోదు" అన్నాడు. మనిషి మాట ఎంత మెత్తనంటే, పనివాళ్ళందరూ ఆయన్ని చాటున వెన్నపూస అంటారు. నేను పిండి పిసుకుతుంటే జనం ఆగి చూస్తారు. పిల్లలు గాజుకి ముక్కులు ఆనిస్తారు. సాయంత్రానికి గంపలన్నీ ఖాళీ.

నీకు మాత్రమే చెప్తున్నా. వెనక గదిలో పాత ఇటుకల ఓవెన్ ఒకటి మూలపడి ఉంది. "ఈ సీజను గడవనివ్వండమ్మా, బాగుచేయించి మీకే అప్పగిస్తా. మీ చేతులు, మీ రొట్టె, నేను వేలు పెట్టను" అన్నాడు వెన్నపూస. మనింటి డబ్బా ఓవెన్ సంగతి తెలుసుగా, ఒకవైపు మాడుస్తుంది, ఇంకోవైపు పచ్చిగా వదిలేస్తుంది. ఎవరూ లేనప్పుడు ఆ ఇటుకల ఓవెన్ తలుపు తెరిచి లోపలికి తల దూర్చి చూశా. మసి వాసన. అందులో నా రొట్టెలు పక్కపక్కన పొంగుతుంటే చూడాలే! నాకింకేం అక్కర్లేదు.

ఈలతో గొడవ పెట్టుకోకు. గ్యాస్ వస్తుందన్న మనిషిని మళ్ళీ మళ్ళీ అడగడం మర్యాద కాదు.

అక్క

*

హాస్టల్,
వానలు మొదలైన వారం

అక్కా,

నీ ఉత్తరం నా గదిలో ఉండే పొట్టికి చదివి వినిపించా. పొట్టికి అక్కలు లేరు, కాబట్టి ఏడ్చింది. నేను మాత్రం రెండోసారి చదివి ఏడవలేదు, ఆలోచనలో పడ్డా.

మనింట్లో నువ్వు రొట్టె చేస్తే అది ఎంత తతంగం! పాలు విరగ్గొట్టి, గుడ్డలో మూటగట్టి కుళాయికి వేలాడదీసి, నీళ్ళన్నీ కారేదాకా నన్ను కాపలా పెట్టేదానివి. ఆకులు ఉప్పుతో నలిపి, పిండిలో ఎప్పుడు వెయ్యాలో నీకొక్కదానికే తెలిసేది. పొంగిన పిండిని వేలితో నొక్కేదానివి. గుంట దానంతటది నెమ్మదిగా పూడితేనే "ఊఁ" అనేదానివి. ఆ "ఊఁ" కోసం ఇల్లంతా ఆకలితో కూర్చునేది. అమ్మ అయితే "దానికి ముహూర్తం కుదరాలర్రా" అని తిట్టిపోసేది.

మరి అలాంటిదానివి, గాజు వెనక ఒక్క స్టూలు మీద కూర్చుని పెద్దవీధికంతా రొట్టెలెలా పెడుతున్నావు? పాలెక్కడ విరుగుతున్నాయి? గుడ్డ ఏ కుళాయికి వేలాడుతోంది? ఇటుకల ఓవెన్ ఇంకా మూలపడే ఉందన్నావు. మరి గంపల్లోవి ఏ ఓవెన్‌లో కాలాయి? అంత రాశావు కానీ రొట్టె రుచి గురించి ఒక్క ముక్క లేదు. వెన్నపూస అన్న మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా రాశావు. నాకు మెత్తగా మాట్లాడే యజమానుల మీద నమ్మకం లేదు. కసిరేవాడికి కనీసం తను దొంగనని తెలుసు.

సూటిగా జవాబు చెప్పు.

నీ చెల్లెలు

*

ఇల్లు,
సోమవారం

చెల్లీ,

నువ్వు పోలీసువా, చెల్లెలివా? పని మీద పని, ఇంటికొచ్చేసరికి భుజాలు పట్టేస్తున్నాయి. నీ ప్రశ్నలకి జవాబులు రాసే ఓపిక లేదు. షాపు గోడకి పెడతామని నా ఫోటో తీశారు. అమ్మ తెగ మురిసిపోతోంది. బంగాళాదుంపల వాడికి కూడా చెప్పింది. పాపం వాడేం చేస్తాడు, "అలాగాండీ" అన్నాడు.

ఆ కరపత్రాలు కాస్త తగ్గించు. అన్నిటికీ అనుమానపడితే బతకలేం.

అక్క

*

హాస్టల్,
బుధవారం

అక్కా అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. అలవాటు కొద్దీ రాశా, అనుకో.

పొద్దున కొత్త కాగితం సంచుల కట్టలొచ్చాయి. ఒక్కో పెట్టెలో రాళ్ళ మీద ఒక కట్ట పెట్టాలి, షాపువాళ్ళు వెచ్చజేసి అందులో వేసి అమ్ముకోవడానికి. తాడు కోశాను. పైన నీ మొహం.

మొదట అనుకున్నా, నా కళ్ళు చెదిరాయని. తలకి గళ్ళగుడ్డ. నీ పై పళ్ళ మధ్య సందు పూడ్చేశారు. గడ్డం మీద పుట్టుమచ్చ చెరిపేశారు. ఆ మచ్చని పట్టుకుని నేను చిన్నప్పుడు నిద్రపోయేదాన్ని, వాళ్ళకి అది మురికిలా కనిపించింది. కింద ముత్యాల్లాంటి అక్షరాలు: 'అక్క చేతి చీజ్ రొట్టె. తరతరాల ఇంటి రుచి.' పొట్టి తొంగిచూసి, "ఎవరే ఈవిడ? అచ్చం నీలాగే ఉంది, కాకపోతే నవ్వుతోంది" అంది.

ఏం నవ్వు నవ్వావే! మంచులోంచి వచ్చిన రాళ్ళకి ఏం పూచీ ఇచ్చావే! ఇన్నాళ్ళూ నేను ఏ షాపులవాళ్ళని తిట్టుకుంటూ పెట్టెలు సర్దానో ఆ షాపు నీదే. నేను ఇటు సర్దుతుంటే నువ్వు అటు గాజు వెనక కూర్చుని మేకప్పు వేసుకుని పిండిని పిసుకుతున్నావు. సగం అబద్ధమని కరపత్రంలో చదివి నిన్ను తలుచుకున్నా చూడు, ఎంత వెర్రిదాన్ని! నువ్వు మొత్తం అబద్ధానివి.

రోజంతా నీ మొహాన్ని కట్టలు కట్టి పెట్టెల్లో కుక్కాను. ఈల వచ్చి "మెత్తగా పెట్టమ్మా, నలిగిపోతాయి" అన్నాడు. నలిగితే నలగనీ అన్నా.

*

షాపు వెనక మెట్లు,
శుక్రవారం

చెల్లీ,

తిట్టడం అయిందా? ఇప్పుడు నా వంతు.

చేరిన రోజు ఇంట్లో కాల్చిన రొట్టె పట్టుకెళ్ళా. వెన్నపూస ఒక ముక్క విరిచి తిని, కళ్ళు మూసుకున్నాడు. నిజంగానే మూసుకున్నాడు, నటన కాదు. "ఇది అమ్మడానికి పనికిరాదమ్మా, చాలా బాగుంది. ఇంత ఆలస్యమయ్యే రొట్టె కోసం వీధి ఆగదు" అన్నాడు. స్టూలు చూపించాడు. రోజుకి ఒక్కటే ముద్ద నా ముందు పెడతారు. పొద్దున్నుంచి దాన్నే పిసుకుతా, మడుస్తా, చరుస్తా. మధ్యాహ్నానికి అది తోలులా అవుతుంది. నీళ్ళు చిలకరించి మళ్ళీ పిసుకుతా. సాయంత్రం చెత్తబుట్టలో పడేస్తారు. ఒకసారి ఇంటికి తీసుకెళ్ళి కాలుద్దామనుకున్నా. "వద్దమ్మా, ఎన్ని చేతులు పడ్డాయో, ఎన్ని తుమ్ములు పడ్డాయో" అన్నాడు వెన్నపూస. అవి రెండూ నావే.

ఇది నాకు తెలియకనా? మూడో రోజే లారీ చూశా. ఎందుకు ఊరుకున్నానో నువ్వు కరపత్రంలో వెతకక్కర్లేదు, మొన్ననే రాశా. ఆ ఇటుకల ఓవెన్ కోసం. ఒక సీజను బొమ్మలా కూర్చుంటే తర్వాత బతుకంతా నా రొట్టె నేను కాల్చుకోవచ్చని. లెక్క తప్పేమో. కానీ ఆ లెక్క వేసుకునే ధైర్యం నాకుంది. నువ్వేం చేశావు? నెలల తరబడి ఆ రాళ్ళు సర్దుతూనే ఉన్నావుగా, చేతులకి గ్లౌజులు తొడుక్కుని? గ్లౌజులున్నాయి కాబట్టి చేతులకి మట్టి అంటలేదనుకున్నావు.

సంచి మీద వేస్తారని నాకు చెప్పలేదు. గోడకన్నారు. ఆ సంగతి నీ ఉత్తరం చదివితేనే తెలిసింది. పుట్టుమచ్చ తీసేశారా? అమ్మకి చెప్పకు.

నీ కరపత్రాలతో ఏ ఒక్కరి ఆకలీ తీరదే. ఆ మాట గుర్తుపెట్టుకో.

అక్క

*

హాస్టల్,
శనివారం

అక్కా,

నీ ఉత్తరం నాకు చెంపదెబ్బలా తగిలింది. మంచిదే, దెబ్బ తగిలితేగానీ నాకు బుర్ర పనిచెయ్యదు. గ్లౌజుల మాట నిజం. అందుకే ఇవాళ వాటిని విప్పి పక్కన పెట్టా.

ఓవెన్ ఇస్తానన్న మాట వెన్నపూస నిలబెట్టుకుంటాడని నువ్వింకా నమ్ముతున్నావా? నీ ముద్ద చెత్తబుట్టలో పడ్డంత కాలం వాడికి లాభం. ఓవెన్‌లో పడిన రోజు నష్టం. ఏ యజమాని నష్టానికి తలుపు బాగుచేయిస్తాడే? నిన్ను ఆశతో కట్టేశాడు, తాడు ఖర్చు కూడా లేకుండా.

నేనూ పొట్టీ కూర్చుని చీటీలు రాశాం. చేత్తోనే రాశాం, నాలుగు పాత నోటుపుస్తకాల కాగితాలు అయిపోయాయి. ఒక్కో సంచిలో ఒక్కో చీటీ అడుగున పెట్టి మళ్ళీ కట్టలు కట్టా. షాపు కుర్రాళ్ళు రొట్టె పైనుంచి వేస్తారు, అడుగు ఎవరు చూస్తారు? చీటీలో ఇలా ఉంది:

'ఈ సంచి మీదున్న మనిషి ఈ రొట్టె కాల్చలేదు. ఇది ఫ్యాక్టరీలో తయారై, మంచులో గడ్డకట్టి, లారీలో వచ్చింది. మిమ్మల్ని మోసం చేస్తున్నారు. మేలుకోండి.'

చూడు ఇక. రొట్టె తింటూ చదువుతారు. గొంతులో ముద్ద అడ్డంపడుతుంది. జనం మూర్ఖులు కారక్కా, వాళ్ళకి చెప్పేవాడు లేడంతే. లారీ బయల్దేరింది. ఈ ఉత్తరం నీకు చేరేసరికి వెన్నపూస కరిగి కారిపోతుంటాడు.

నీ చెల్లెలు

*

ఇల్లు,
మంగళవారం

నీ జనం మేలుకున్నారు. విను.

నిన్న పొద్దున స్టూలు ఎక్కి కూర్చున్నానో లేదో, ఒకావిడ సంచి పట్టుకుని వచ్చింది. రోజూ నాకు చెయ్యి ఊపే మనిషి. మా పాపకి మీ రొట్టే కావాలంటుందండీ అనే మనిషి. సంచి తీసి గాజుకేసి కొట్టింది. "సిగ్గులేదూ? ఆడదానివై ఉండి, అక్కా అక్కా అని పిలిపించుకుంటూ ఇంత మోసమా!" అంది. లోపల ఉన్న వెన్నపూస వైపు చూడనైనా లేదు. చూడదు. ఆయన మొహం సంచి మీద లేదుగా.

తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఒకాయన "ఈ మొహం చూసే కొన్నానయ్యా" అని మిగతావాళ్ళకి చెప్తున్నాడు, నేను అక్కడ లేనట్టు. నేను పిసుకుతూనే ఉన్నా. ఏం చెయ్యాలో తోచక.

వెన్నపూస బయటికొచ్చాడు. చేతులు జోడించాడు. "నేనూ మీలాగే నమ్మానండీ. ఆవిడ ఇంట్లో కాల్చి పంపిస్తోందనుకున్నా" అన్నాడు! ఎంత మెత్తగా అన్నాడో! ఒకరిద్దరు ఆయన భుజం తట్టారు.

అమ్మకి బంగాళాదుంపల బండి దగ్గర తెలిసింది. ఇంటికొచ్చి ఒక్కటే అడిగింది. "నువ్వు కాలుస్తున్నానని నాతో అన్నావా, అనలేదా?" గుర్తు చేసుకున్నా. అనలేదు. ఆవిడ అనుకుంటుంటే కాదనలేదు. "అయితే నేనే వెర్రిదాన్ని" అని గదిలోకి పోయింది.

సాయంత్రం వెన్నపూస పిలిచాడు. ఆదివారం షాపు ముందు బల్లలు వేయించి అందర్నీ పిలుస్తాడట. నేను అందరి ముందు నిలబడి, రొట్టెలన్నీ నేనే కాలుస్తున్నాను, చీటీలు గిట్టనివాళ్ళ పని అని చెప్పాలట. చెప్తే సోమవారం మేస్త్రీ వచ్చి ఇటుకల ఓవెన్ మొదలుపెడతాడు. మేస్త్రీతో నా ముందే ఫోన్‌లో మాట్లాడాడు. చెప్పకపోతే మోసగత్తెనని ఆయనే చెప్తాడు.

నా మొహం నన్నడక్కుండా వాడుకున్నవాళ్ళు ఇద్దరు. ఒకడు అమ్ముకోవడానికి, ఒకత్తె ఊరిని ఉద్ధరించడానికి. వాడు కనీసం మచ్చ చెరిపి అందంగా వేశాడు.

జవాబు రాయకు.

*

హాస్టల్,
గురువారం

అక్కా,

రాయకన్నావు కాబట్టి రాస్తున్నా.

చీటీలో వెన్నపూస సంగతి రాయాలని నాకు తట్టలేదు. 'మోసం చేస్తున్నారు' అని రాశా, ఎవరో రాయలేదు. ఎవరో లోకానికంతా తెలుసనుకున్నా. పైన నీ ఫోటో ఉంది, కింద నా వాక్యం ఉంది. పసిపిల్లకైనా తెలిసే తప్పు. ఇన్ని కరపత్రాలు మింగి నేను రాసిన మొదటి కరపత్రం నా అక్క మొహాన పడింది. నా మీద నాకే ఉమ్మెయ్యాలని ఉంది.

ఆ జనం మీద కూడా. ఇన్నాళ్ళూ జనం, జనం అని గుండెలు బాదుకున్నా. బలిసిన ఓనరు చేతులు జోడిస్తే వాడి భుజం తట్టి, స్టూలు మీద కూర్చున్న మనిషి మీద సంచి విసిరే ఈ జనమా! వీళ్ళకి రాళ్ళే సరిపోతాయి. రోజూ రాళ్ళే పెట్టాలి.

ఈలకి చీటీ దొరికింది. అందర్నీ వరసగా నిలబెట్టాడు. పొట్టికి ఇంట్లో ఎవరూ లేరు, ఈ పని పోతే దిక్కులేదు. నేను ముందుకొచ్చి అంతా నేనొక్కదాన్నే రాశానన్నా. "రెండు రకాల చేతిరాత ఉందిగా?" అన్నాడు. "కోపంలో ఒకలా, శాంతంగా ఉన్నప్పుడు ఒకలా రాస్తా" అన్నా. "నువ్వు శాంతంగా ఎప్పుడున్నావు?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. పని పోయింది, ఈ నెలాఖరుకి హాస్టల్ ఖాళీ చెయ్యాలి.

ఆదివారం ఏం చెప్తావో నేను చెప్పను. చెప్పాలని నాలుక దురద పెడుతోంది. కాలర్ పట్టుకుని నిలదియ్యమని రాద్దామనుకుని మూడుసార్లు కొట్టేశా. నీ ఓవెన్, నీ నోరు. ఇంతవరకే.

నీ చెల్లెలు

*

ఇల్లు, వంటగది బల్ల,
ఆదివారం సాయంత్రం

చెల్లీ,

బల్లలు వేశారు. తెల్లగుడ్డలు పరిచారు. ఊరికే పెడుతున్నారంటే ఎంతమందొచ్చారనుకున్నావు! మొన్న సంచి విసిరినావిడ పిల్లతో సహా వచ్చి ముందు వరసలో కూర్చుంది. వెన్నపూస నన్ను గాజు వెనక మామూలుగా పిసకమన్నాడు. టైము చూసి పిలుస్తాడట.

నేను స్టూలు మీద కూర్చున్నా. ముద్ద నా ముందుంది. నాకేం ఉపన్యాసాలు రావు. అవి నీ సరుకు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని భయమేసింది. ఆయన ముందు ఏడవడం నాకు చావుకంటే రోత.

అందుకని స్టూలు ఇటు తిప్పాను. వీధికి వీపు పెట్టి, వెనక గది తలుపు వైపు మొహం పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా.

కాసేపు ఎవరికీ తెలియలేదు. తర్వాత గాజు మీద టకటక. "ఏమ్మా, ఇటు తిరగమ్మా." తిరగలేదు. వెన్నపూస లోపలికొచ్చాడు. "ఏమైందమ్మా? ఒంట్లో బాలేదా?" అన్నాడు. "బాగానే ఉందండీ" అన్నా. "మరి పిసకండి, అందరూ చూస్తున్నారు." "నేను ఎటు చూస్తున్నానో వాళ్ళూ అటు చూడాలండీ" అన్నా. నాకే ఆశ్చర్యమేసింది.

ఆయన మొహంలో మెత్తదనం పోతే లోపల ఏముందో మొదటిసారి చూశా. ఏమీ లేదే! నాకు జాలి కూడా వెయ్యలేదు. "మేస్త్రీ రేపు రాడు, తెలుసుగా?" అన్నాడు. "తెలుసండీ" అన్నా. ఆ మాట అనడానికి మాత్రం చాలా కష్టమైంది. ఎదురుగా తలుపులోంచి ఓవెన్ కనిపిస్తూనే ఉంది.

ముందు ఆ చిన్నపిల్ల లేచిందట. ఆంటీ ఏం చూస్తోంది అని. పక్కసందులోంచి వెనక్కి పరుగెత్తింది. వాళ్ళమ్మ దాని వెనక. తర్వాత అందరూ. ఆదివారం కదా, రద్దీ ఎక్కువని రెండో లారీ చెప్పి ఉంచాడు వెన్నపూస. సరిగ్గా అప్పుడే వెనక గుమ్మంలో పెట్టెలు దిగుతున్నాయి, మంచు పొగలు కక్కుతూ. లోపల నా మొహాల కట్టలు. నేను లేచి వెనక తలుపు బార్లా తీశా. అంతే నేను చేసింది.

ఎవరూ నాకు క్షమాపణ చెప్పలేదు. ఆశపడకు. సంచి విసిరినావిడ నా వైపు చూసి కళ్ళు దించుకుంది. ఒకాయన "అయితే మాకు పెట్టేది కూడా ఇదేనా?" అని అడిగి, అవునని తెలిశాక కూడా రెండు తిన్నాడు. నీ జనం.

ఏప్రాన్ మడిచి స్టూలు మీద పెట్టా. గళ్ళగుడ్డ పైన పెట్టా. ఇంటికొచ్చి అమ్మకి మొత్తం చెప్పా, మొదటి రోజు నుంచీ. విని, పాలగిన్నె నా ముందుకి తోసింది. "విరగ్గొట్టు మరి" అంది.

అక్క

*

హాస్టల్,
నెలాఖరు

అక్కా,

నీ ఉత్తరం గదిలో నిలబడి గట్టిగా చదివా. పొట్టి ఈలపాట పాడింది, అంటే మనసులో. ఈల గట్టిగా వెయ్యడం ఇక్కడ నేరం.

శనివారం బస్సుకి వస్తున్నా. నీ రొట్టె కోసం ఒక కరపత్రం రాసి పెట్టా. 'ఇది అసలైన రొట్టె. అబద్ధపు రొట్టెని బహిష్కరించండి' అని మొదలవుతుంది. ముందు నీకు చూపిస్తా. నువ్వు ఒప్పుకుంటేనే. ఈసారి అడుగుతున్నా చూడు.

నీ చెల్లెలు

*

ఇల్లు,
బుధవారం

చెల్లీ,

రా. కరపత్రం వద్దు. రొట్టె మీద ఏమీ రాయొద్దు, లోపల ఏమీ పెట్టొద్దు.

నిన్న ఇంటి డబ్బాలోనే కాల్చా. కిటికీలో ఆరబెడితే, సంచి విసిరినావిడ కిందనుంచి వాసన పట్టి మెట్లెక్కి వచ్చింది. ముక్క తిని, కాసేపు నమిలి, "బానే ఉందండీ. కానీ ఆ షాపుదే ఇంకాస్త ఇంటి రొట్టెలా ఉండేది" అంది. "అది కావాలంటే అక్కడే దొరుకుతుందండీ, ఇప్పుడు వేరే మొహం వేస్తారట" అన్నా. నవ్వాలో వద్దో తెలియక సగం రొట్టె కొనుక్కుని పోయింది.

మిగిలిన సగం నేనూ అమ్మా తిన్నాం. ఒకవైపు మాడింది. చీజ్ ఇంకాస్త ఆరాల్సింది. ఉప్పు తక్కువైంది. అమ్మ ఆ మూడూ వరసగా చెప్పింది, ముక్క ముక్కకీ ఒకటి. నేను ఎంత సంతోషంగా విన్నానో నీకు చెప్పలేను. ఎన్నాళ్ళకో, తిట్టినవాళ్ళు తిట్టింది నేను చేసిన దాన్ని.

అక్క